వియత్నాం తీరం వెంట ఇద్దరు: రైలా, బస్సా, బైకా? ఎక్కడ ఆగాలి, ఏది వదలాలి?

వియత్నాం గురించి నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ఒంటరిగా బ్యాగు తగిలించుకుని తిరిగేవాళ్ళు రాసినవే. డార్మ్‌లో (నలుగురితో పంచుకునే గదిలో) పడుకో, రాత్రి బస్సెక్కితే హోటల్ ఖర్చు మిగులుతుంది, పాత బైకు కొనుక్కుని ఉత్తరం నుంచి దక్షిణం దాకా తోలుకెళ్ళి చివర్లో అమ్మెయ్. నేనూ మా ఆయనా అవే చదివి బయల్దేరాం. ఆ లెక్కలు ఇద్దరికి సరిపోవని మూడో రోజుకే తెలిసింది. ఇద్దరైతే గది అద్దె సగమవుతుంది, ట్యాక్సీ డబ్బులు సగమవుతాయి. నిద్ర చాలక వచ్చే చిరాకు మాత్రం రెట్టింపవుతుంది. ఎంచుకోవాల్సిన ప్రతి చోటా నేను చూసేది ఈ లెక్కే.

మేం వెళ్ళింది మార్చిలో, పదహారు రోజులకి. ఉత్తరాన హనోయ్‌లో దిగి, దక్షిణాన సైగాన్‌లో తిరుగు విమానం ఎక్కాం. కాగితాల మీద అది హోచిమిన్ సిటీ. జనం మాటల్లో ఇప్పటికీ సైగానే, రైల్వే స్టేషన్ పేరూ అదే.

ముందు నెల, తర్వాతే ఊళ్ళు

తీరం పొడవునా ఒకే వాతావరణం ఉండదు. హనోయ్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మబ్బు, చలి, స్వెటర్ ఉండాల్సిందే. అదే సమయంలో సైగాన్ వైపు మంచి ఎండ. మధ్యలో ఉన్న హ్వే, డానాంగ్, హొయాన్ ఊళ్ళకు అసలు వానలు సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్ దాకా పడతాయి. అక్టోబర్, నవంబర్ అయితే తుఫానులు, వరదలు. 2025 అక్టోబర్ చివర్లో హ్వే, హొయాన్ రెండూ మునిగాయి. మన దసరా, దీపావళి సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి కాబట్టి జాగ్రత్త.

దసరా సెలవులే దొరికితే మధ్య తీరం ఆశ వదిలేసి ఉత్తరాన హనోయ్, నిన్ బిన్, కాట్ బా వరకే పెట్టుకోండి. సంక్రాంతికైతే న్యా ట్రాంగ్ నుంచి సైగాన్ దాకా దక్షిణ భాగం చూడండి. మొత్తం తీరం ఒకేసారి కావాలంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. మే, జూన్‌లలో మధ్య తీరంలో సముద్రం బాగుంటుంది, ఎండ మాత్రం మండిపోతుంది. విజయవాడ వేసవి చూసినవాళ్ళకి అదో లెక్క కాదనుకోండి. టెట్ అంటే వాళ్ళ కొత్త సంవత్సరం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ వారం రైళ్ళన్నీ నిండిపోతాయి, కొట్లు మూసేస్తారు. దాన్ని తప్పించుకోండి.

రైలా, బస్సా, బైకా, విమానమా

హనోయ్ నుంచి సైగాన్‌కు రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్ళ కాలంలో మొదలై 1936లో పూర్తయింది, యుద్ధంలో తెగిపోయి 1976లో మళ్ళీ కలిసింది. మీటర్ గేజ్ కాబట్టి మెల్లగా పోతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై గంటలు దాటుతుంది. నంబర్ బేసి అయితే బండి దక్షిణానికి, సరి అయితే ఉత్తరానికి. అంటే హనోయ్ నుంచి దిగి వచ్చేవాళ్ళు ఎస్ఈ1, ఎస్ఈ3 లాంటివి చూసుకోవాలి.

సాఫ్ట్ స్లీపర్ అంటే తలుపున్న గదిలో నాలుగు బెర్తులు. హార్డ్ స్లీపర్ అంటే ఆరు, అందులో పై బెర్తు మీద నిటారుగా కూర్చోలేం. ఇద్దరు వెళ్తుంటే సాఫ్ట్‌లో ఒకే వైపు కిందదీ పైదీ తీసుకోండి. కింద బెర్తులు రెండూ తీసుకున్నారంటే పై బెర్తులవాళ్ళు పడుకునేదాకా మీ పరుపుల మీదే కూర్చుంటారు, మన దగ్గర లాగే. నిన్ బిన్ నుంచి హ్వే దాకా మా గదిలో ఎదురు బెర్తులు ఒక అమ్మమ్మవీ, ఆవిడ మనవడివీ. రాత్రి పదింటికి ఆవిడ సంచిలోంచి ఉడికించిన చిలగడదుంపలు తీసి, తొక్క వలిచి, అడక్కుండానే మా ఇద్దరి చేతుల్లో చెరొకటి పెట్టింది. మా ఆయన బ్యాగులోంచి చేగోడీల పొట్లం విప్పారు. పిల్లాడు ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి ఉంగరంలా వేలికి తొడుక్కుని అలాగే నిద్రపోయాడు.

స్లీపర్ బస్సు చౌక, ఊరి మధ్యలోకి వస్తుంది, రైలు లేని చోటికీ పోతుంది. ఎక్కేటప్పుడు చెప్పులు విప్పించి ప్లాస్టిక్ కవర్ చేతికిస్తారు. మామూలు స్లీపర్‌లో బెర్తు సగం వాలిన కుర్చీలా ఉంటుంది, కాళ్ళు ముందున్నవాళ్ళ తల కింద ఉండే డబ్బాలోకి పోతాయి. నాకు సరిగ్గా సరిపోయింది. ఆరడుగుల మా ఆయన రాత్రంతా మోకాళ్ళు ముడుచుకునే ఉన్నారు. కర్టెన్లున్న క్యాబిన్ బస్సులు వేరే ఉన్నాయి. కొన్నింటిలో ఇద్దరికి కలిపి వెడల్పు బెర్తు కూడా ఇస్తారు, బస్సే ఎక్కాలంటే దాని కోసం అడగండి. అసలు చిక్కు వేరే ఉంది. హొయాన్ నుంచి క్వీ న్యొన్‌కు మేమెక్కిన బస్సు తెల్లారి ఆరింటికి దించుతుందన్నారు. మూడున్నరకే దించేసింది. హోటల్ షట్టర్ మూసుంది, వీధిలో ఒక కుక్క, మేము. ఒక్కళ్ళే అయితే అదొక సాహసం అనుకోవచ్చు. ఇద్దరైతే 'నేను ముందే రైలు అన్నాను కదా' అనే మాట వస్తుంది. వచ్చింది కూడా.

బైకు సంగతి. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది కానీ, మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఇక్కడొక గొయ్యి ఉంది. ఇండియాలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్‌ని. అద్దెకిచ్చేవాడు ఏ లైసెన్సూ అడగడు, తాళం చేతిలో పెడతాడు. ప్రమాదం జరిగితే మాత్రం లైసెన్సు చెల్లదని ఇన్సూరెన్స్‌వాళ్ళు చేతులెత్తేసే అవకాశమే ఎక్కువ. పైగా అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి. వెనక భార్యని, ముందూ పక్కనా బ్యాగుల్ని వేసుకుని లారీల హైవే మీద వందల కిలోమీటర్లు నేర్చుకుంటూ వెళ్ళే చోటు కాదది. ఊళ్ళో తిరగడానికి సైకిళ్ళు తీసుకోండి. కొండదారి సరదా తీరాలంటే 'ఈజీ రైడర్' అని పిలిచే డ్రైవర్లు ఉంటారు, చెరో బండి వెనకా కూర్చుని వెళ్ళొచ్చు.

విమానం గురించి ఒక్క మాట. సెలవు పది రోజులే అయితే హనోయ్ నుంచి డానాంగ్‌కు ఎగిరిపోండి, గంటన్నర కూడా పట్టదు. రెండు వారాలుంటే అక్కర్లేదు.

నా ఓటు రైలుకి. అన్నింటికీ కాదు. ఒక రాత్రి ప్రయాణం రైల్లో, మిగతావన్నీ పగటిపూట రైలు, రైలు లేని చోటికి పగటి బస్సో కారో.

హై వాన్ కనుమ: అదే వంద కిలోమీటర్లు, మూడు రకాలు

హ్వే నుంచి డానాంగ్ దాకా ఉన్న దారి ఈ తీరం మొత్తానికీ అందమైన ముక్క. ఇక్కడ ఎలా వెళ్తారన్నది నిజంగా ఆలోచించుకోవాలి. రైలు రెండున్నర నుంచి మూడు గంటలు. మేం వెళ్ళినప్పుడు సీటు మనిషికి లక్ష, లక్షన్నర డాంగ్ మధ్య ఉంది (డాంగ్ అక్కడి డబ్బు, లక్ష అంటే ఇంచుమించు 340 రూపాయలు). దక్షిణానికి వెళ్తుంటే ఎడమవైపు కిటికీ అడిగి తీసుకోండి. లాంగ్ కో మడుగు దాటాక బండి కొండ పాదాన్ని పట్టుకుని నత్తలా పాకుతుంది. కిటికీ కింద అడవి, దాని కింద రాళ్ళు, రాళ్ళ మధ్య ఎవరి అడుగూ పడని చిన్న చిన్న ఇసుక తిన్నెలు. ఆ పట్టా పక్కన రోడ్డు లేదు, కాబట్టి ఈ దృశ్యం రైల్లోంచే కనబడుతుంది.

రోడ్డు మీద వెళ్తే 496 మీటర్ల ఎత్తున కనుమ పైకి ఎక్కుతారు. అక్కడి నుంచి రెండు వైపులా తీరం విప్పిన చాపలా కనిపిస్తుంది, పాత కోట ద్వారం కూడా ఉంది. కారు మాట్లాడుకుంటే డ్రైవర్‌కి 'పైనుంచి' అని ముందే చెప్పాలి. 2005లో తెరిచిన సొరంగంలోంచి పోతే ఏమీ కనబడదు. బస్సులు దాదాపు అన్నీ అందులోంచే పోతాయి, కాబట్టి ఈ ముక్కకి మాత్రం బస్సు వద్దు. కారు మనిషికి ఖరీదే, ఇద్దరు పంచుకుంటే పర్లేదు, మధ్యలో ఆగుతూ సాయంత్రానికి నేరుగా హొయాన్‌లో దింపుతాడు. ఈజీ రైడర్లదీ అదే దారి. సామాను ఎక్కువుంటే కారు, సముద్రం దగ్గరగా కావాలంటే రైలు. మేం రైలెక్కాం. డానాంగ్‌లో దిగాక హొయాన్‌కు ఇంకో ముప్పై కిలోమీటర్లు క్యాబ్ మాట్లాడుకున్నాం. హొయాన్‌కు రైల్వే స్టేషన్ లేదు.

డార్మా, గదా

ఇక్కడ పెద్దగా ఆలోచించేది లేదు. డార్మ్‌లో పడక లక్షన్నర, రెండు లక్షల డాంగ్ ఉంటే, రెండు పడకలు మూడు, నాలుగు లక్షలు. అదే డబ్బుకి చిన్న హోమ్‌స్టేలో బాత్‌రూమ్‌తో సహా గది, పొద్దున గుడ్లూ బ్రెడ్డూ వస్తాయి. డార్మ్ ఒకే పనికి బాగుంటుంది, తోటి ప్రయాణికులతో కబుర్లకి. ఆ సరదా కావాలంటే పెద్ద హాస్టళ్ళలోనే విడి గదులుంటాయి, అవి తీసుకోండి. నా పాస్‌పోర్ట్‌లో ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరే ఉంది. ఎక్కడా ఎవరూ మేం ఏమవుతామని అడగలేదు, రెండు పాస్‌పోర్ట్‌లూ తీసుకుని రాసుకున్నారు, అంతే.

ఏ ఊరికి ఎన్ని రోజులు

హలాంగ్ బేనా, లాన్ హా బేనా, నిన్ బిన్నా? మొదటి రెండూ ఒకే సున్నపురాతి కొండల సముద్రం. హలాంగ్ వైపు పడవల రద్దీ ఎక్కువ. పక్కనే కాట్ బా దీవి నుంచి బయల్దేరే లాన్ హా కాస్త నెమ్మది, అందులో ఈదొచ్చు, కయాక్ నడపొచ్చు. నిన్ బిన్‌లో అవే కొండలు పొలాల మధ్య ఉంటాయి, చిన్న పడవల్లో గుహల కిందుగా తీసుకెళ్తారు. మంచి పడవలో రాత్రి బస ఈ ప్రయాణం మొత్తంలో పెద్ద ఖర్చవుతుంది. మార్చిలో ఉత్తరాన పొగమంచు, తుంపర ఉండొచ్చు, అంత డబ్బు పెట్టి తెల్లటి గోడ చూడాల్సి రావచ్చు. అందుకే మేం నిన్ బిన్ ఎంచుకున్నాం. రైలు దారిలోనే ఉండటం ఇంకో సుఖం.

హ్వేకి ఒకటిన్నర రోజు చాలు: రాజకోట, ఒకటి రెండు సమాధులు. డానాంగ్ పెద్ద, కొత్త ఊరు. పొడవాటి బీచ్, ఇండియన్ హోటళ్ళు, వారాంతం రాత్రి తొమ్మిదింటికి నిప్పులు కక్కే డ్రాగన్ వంతెన. అక్కడ నేను పడుకోను. పగలు ఛామ్ (ఒకప్పుడు ఈ తీరాన్ని ఏలిన జనం) శిల్పాల మ్యూజియం చూసి హొయాన్‌కు వెళ్ళిపోతాను. ఈ ముక్క చదివి మా ఆయన డానాంగ్ బీచ్ ఎంత శుభ్రంగా ఉంటుందో కూడా రాయమన్నారు. నిజమే, చాలా శుభ్రంగా ఉంటుంది.

హొయాన్‌లో జనం విపరీతం, అయినా మూడు రాత్రులు ఉండండి. పాత ఊళ్ళో పొద్దున్న ఆరింటికి, ఏడింటికి నడిస్తే ఊరు మీదే. చాంద్రమాసంలో పద్నాలుగో రాత్రి కరెంటు దీపాలార్పి కాగితపు లాంతర్లు వెలిగిస్తారు. మన క్యాలెండర్‌లో పౌర్ణమి చూసుకుని ప్లాన్ చేసుకోవచ్చు, ఆ రాత్రి తొక్కిసలాట మాత్రం తప్పదు. అక్కణ్ణుంచి 'మీ సన్' అనే చోటి పాత ఛామ్ గుళ్ళు గంట పైచిలుకు దూరం. ఇటుకల శివాలయాలు, భద్రేశ్వరుడి పేర మొదలైనవి. యుద్ధంలో అమెరికా బాంబులకు చాలా కూలిపోయాయి. కొన్ని గుంపుల్ని మన పురావస్తు శాఖవాళ్ళే నిలబెట్టారు, ఆ పనుల్లోనే 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. ఛామ్ రాజుల కాలంలో ఈ ప్రాంతం పేరు అమరావతి. గైడ్ ఆ మాట అన్నప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇక అసలు తగాదా: క్వీ న్యొన్నా, న్యా ట్రాంగా? న్యా ట్రాంగ్‌లో స్టేషన్ ఊళ్ళోనే ఉంది, విమానాశ్రయం ఉంది, బీచ్ ఎదురుగా హోటళ్ళ గోడ ఉంది, దీవులకు పడవలు, మట్టి స్నానాలు, రాత్రి బజారు. పో నగర్ అనే ఛామ్ గోపురాలు ఊళ్ళోనే. అమ్మవారికి ఇప్పటికీ పూజలు జరుగుతాయి, పొట్టి బట్టలు వేసుకొస్తే పై వస్త్రం ఇచ్చి లోపలికి పంపుతారు. క్వీ న్యొన్‌కు పెద్ద బళ్ళు ఆగే స్టేషన్ దియూ చీ, ఊరికి పది కిలోమీటర్ల అవతల. బీచ్ మీద సాయంత్రం వాలీబాల్ ఆడే ఊరివాళ్ళు, ఇంగ్లిష్ రాని హోటళ్ళు, ఊరి నడుమ జంట ఛామ్ గోపురాలు, కాస్త దూరంలో బాయ్ సెప్ అనే చిన్న జాలరి పల్లె. పనేమీ లేకుండా రెండు రోజులు పక్కపక్కన కూర్చోగలిగిన జంటకి క్వీ న్యొన్. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ప్రోగ్రామ్ ఉండాలనుకుంటే న్యా ట్రాంగ్. రెండూ పెట్టుకుని ఒక్కోదానికి ఒక్క రాత్రి ఇవ్వడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. మేం చేసింది అదే.

ముయ్ నే అనే బీచ్ ఊళ్ళో ఇసుక దిబ్బలు, జీపులు, గాలి. నవంబర్ నుంచి మార్చి దాకా ఆ గాలి గాలిపటంతో అలల మీద జారే ఆట వాళ్ళకి పండగ, ఈదాలనుకునేవాళ్ళకి చిరాకు. ఇప్పుడు సైగాన్ నుంచి ఎక్స్‌ప్రెస్ వే పడటంతో వారాంతాల్లో నగరం అంతా అక్కడే. దానికి బదులు ఫాన్ రాంగ్ చూడండి. థాప్ ఛామ్ స్టేషన్‌కు దగ్గర్లోనే కొండ మీద పో క్లాంగ్ గరాయ్ గుడి, ఛామ్ జనం ఇంకా పూజ చేసుకునే శివుడు. ఎండిన నేల, ద్రాక్ష తోటలు, గొర్రెల మందలు. అనంతపురంవాళ్ళకి సొంతూళ్ళా అనిపిస్తుంది, సముద్రం అదనం.

ఒక చిన్న హెచ్చరిక. 2025 జులైలో వాళ్ళు రాష్ట్రాల్లాంటి 63 విభాగాల్ని 34కి కుదించారు. హొయాన్ ఇప్పుడు డానాంగ్ కిందకి, ముయ్ నే కొండల్లోని లామ్ డాంగ్ కిందకి వచ్చాయి. బుకింగ్‌లో చిరునామా వింతగా కనబడితే కంగారు పడకండి, మ్యాప్‌లో చుక్క చూసుకోండి.

తిండి: ఒకరు శాకాహారి అయితే

మా ఆయన శాకాహారి, నేను కాదు. ఇలాంటి జంటలకి వియత్నాం అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నంత తేలికా కాదు. శాకాహారాన్ని 'చై' అంటారు, వినడానికి మన చాయ్‌కి దగ్గరగా ఉంటుంది. మా ఆయన మొదటి రోజు పొద్దున్నే నిద్రకళ్ళతో చాయ్ అడిగితే టోఫూ అన్నం తెచ్చిపెట్టారు. బోర్డు మీద ఆ మాట ఉన్న కొట్టయితే పూర్తిగా శాకాహారం. పాడ్యమికీ పౌర్ణమికీ చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇంకా సులువు. హ్వేలో గుళ్ళ పక్కన తిన్న భోజనాలు అన్నిటికంటే బాగున్నాయి. మామూలు హోటల్లో మాత్రం 'కూరగాయలే' అన్నా చేపల సాస్ పడే ఉంటుంది.

మాంసం తినేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు నాలుగు. 'బో' అంటే గొడ్డు మాంసం, 'గా' అంటే కోడి, పందిని ఉత్తరాన 'లొన్' అనీ దక్షిణాన 'హెఓ' అనీ అంటారు. ఫో (నూడుల్స్ సూప్) అనగానే బీఫ్ అనుకోనక్కర్లేదు, 'ఫో గా' అడగండి.

వీసా, డబ్బు

ఈ-వీసా తొంభై రోజులకిస్తారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ సైట్‌లోనే చేసుకోండి, నకిలీ సైట్లు ఎక్కువ కట్టించుకుంటాయి. మన పేర్లతోనే చిక్కు: ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నా, మూడు ముక్కల పేరు ఉన్నా, పాస్‌పోర్ట్ కింద రెండు లైన్లలో ఎలా ఉందో అక్షరం పోకుండా అలాగే కొట్టండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు 2025లో మొదలయ్యాయి. హనోయ్‌లో దిగి సైగాన్‌లో ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి రావడానికి ఒక రోజు, ఒక టికెట్ మిగులుతాయి.

నోట్ల మీద దారంతా గీసి ఉంటుంది. రెండు లక్షల నోటు మీద హలాంగ్, యాభై వేల మీద హ్వే, ఇరవై వేల మీద హొయాన్‌లోని జపాన్ వంతెన. ఆ ఇరవై వేలదీ, అయిదు లక్షలదీ రెండూ నీలం రంగే. నేను కొబ్బరి బోండానికి అయిదు లక్షలిచ్చి చిల్లర కోసం కూడా చూడకుండా నడిచాను. బోండాలావిడ బండి వదిలేసి పరిగెత్తుకొచ్చి నోటు నా చేతిలో కుక్కి, సున్నాలు ఒక్కొక్కటే వేలితో చూపించింది. ఆ తర్వాత అయిదు లక్షల నోట్లు మా ఆయన పర్సులో, చిన్నవి నా దగ్గర.

మళ్ళీ పదహారు రోజులు దొరికితే

హనోయ్ రెండు రాత్రులు, నిన్ బిన్ రెండు, రైల్లో ఒకటి, హ్వే ఒకటి, హొయాన్ నాలుగు, పగటి రైల్లో క్వీ న్యొన్ మూడు, ఫాన్ రాంగ్ ఒకటి, సైగాన్ ఒకటి. చివరి రోజు సైగాన్ చరిత్ర మ్యూజియంలో డాంగ్ ద్యోంగ్ అనే చోట దొరికిన కంచు బుద్ధుడి ముందు కాసేపు నిలబడతాను. చాలామంది పండితులు దాన్ని మన కృష్ణా తీరపు అమరావతి శైలితో పోలుస్తారు. పోయినసారి విమానం టైమైపోతోందని ఆ గదిలోంచి పరుగు తీశాం.

ఈ ప్లాన్‌లో ముయ్ నే లేదు, డానాంగ్‌లో రాత్రి బస కూడా లేదు. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.